దెయ్యం లేని భయం

ప్రశ్న: 1973లో వచ్చిన బ్రిటిష్ చిత్రం ‘ది వికర్ మ్యాన్’లో దెయ్యాలు లేవు. అయినా దాన్ని గొప్ప భయానక చిత్రమని ఎందుకంటారు?

జవాబు: ఆ భయం పట్టపగలు, పాటల మధ్య, నవ్వే ముఖాల నుంచి పుట్టడమే అందుకు కారణమని నేను నమ్ముతున్నాను. తప్పిపోయిన బాలికను వెతుకుతూ స్కాట్లాండ్‌లోని ఒక కల్పిత ద్వీపానికి వచ్చిన పోలీసు సార్జెంట్ హౌవీ నిష్ఠగల క్రైస్తవుడు. పాత ప్రకృతి దేవతలను కొలిచే అక్కడి జనమేమో అలాంటి పిల్లే లేదని నిబ్బరంగా బొంకుతారు. బడిలో ఆమె బల్ల మూత ఎత్తితే, మేకుకు దారంతో కట్టిన పురుగు కనిపిస్తుంది. అది ఒకే వైపు తిరిగి తిరిగి, దారమంతా చుట్టుకుపోయి, చివరికి మేకుకే అతుక్కుపోతుంది. హౌవీ గతీ అదేనని మనకు తర్వాత గాని అర్థం కాదు.

దర్శకుడు రాబిన్ హార్డీ, రచయిత ఆంథొనీ షాఫర్ ఆ ఊరివాళ్లను రాక్షసులుగా చూపలేదు. ఆపిల్ పంట పోయిందన్న దిగులుతో, బలి ఇస్తే మళ్లీ కాస్తుందన్న నమ్మకంతో, వాళ్లు ఒక మనిషిని సజీవంగా కాలుస్తూ ఆనందంగా పాడతారు. మతగురువు వంటి లార్డ్ సమ్మరైల్ పాత్రను క్రిస్టఫర్ లీ పారితోషికం తీసుకోకుండానే పోషించారు. వచ్చే ఏడు పంట పండకపోతే బలి కావలసింది నువ్వేనని హౌవీ హెచ్చరించినప్పుడు సమ్మరైల్ ముఖాన్ని తప్పక గమనించండి.