మా జేజమ్మ వాళ్ళ తాత నీలగిరిలో కాఫీ తోటల దొరట, ఆయన వివరాలు ఎలా కనుక్కోవాలి?

మీరు అడిగింది చదివా. మీది కడప జిల్లా, మీ జేజమ్మ వాళ్ళ తాత ఊటీ వైపు కాఫీ తోటలున్న తెల్లదొర అని ఇంట్లో చెప్పుకుంటారు, ఇంటిపేరు తప్ప ఇంకేం తెలీదు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ ఎస్టేట్‌లో మనకేమన్నా వాటా ఉంటుందా, బ్రిటన్ వీసాకి పనికొస్తుందా అని కదా. అచ్చం ఇదే కథ మా ఇంట్లో కూడా. మా అమ్మమ్మ పుట్టింది బిట్రగుంట రైల్వే కాలనీలో, వాళ్ళ నాన్న ఇంజిన్ డ్రైవరు, ఆయన వాళ్ళ నాన్న నీలగిరిలో గూడలూరు దగ్గర కాఫీ దొర. అమ్మమ్మ చెప్పేటప్పుడు ఆ తోట ఒక్కోసారి వంద ఎకరాలు, ఒక్కోసారి ఒక కొండ మొత్తం. వీలు దొరికినప్పుడల్లా వెతుకుతూ పోతే చాలావరకు దొరికింది, కాబట్టి నాకు పనికొచ్చిన దారి చెప్తా.

ముందు ఒక మాట. అందరూ ఇంటిపేరు పట్టుకుని గూగుల్‌లో పడతారు, దానివల్ల ఏమీ రాదు, స్మిత్‌లు, టేలర్‌లు, బ్రౌన్‌లు వేలమంది తగుల్తారు. పట్టుకోవాల్సింది ఎస్టేట్ పేరు. ఆ కాలంలో ప్లాంటర్ అని రాసుకున్న ప్రతివాడూ ఓనర్ కాదు, ఎక్కువమంది జీతానికి చేసిన మేనేజర్లూ అసిస్టెంట్లూ. తోటల్లో కూలీలు పెరియదొరై, సిన్నదొరై అనేవాళ్ళు, పెరియదొరై అంటే మేనేజరు, సిన్నదొరై కింద ఉండే కుర్రాడు, అసలు ఓనరేమో లండన్‌లోనో మద్రాసులోనో కూర్చుని ఉండేవాడు. మనవాళ్ళకి మాత్రం టోపీ పెట్టుకున్నోడు ఎవడైనా దొరే. మనుషులు ఉద్యోగాలు మారి అక్కడికీ ఇక్కడికీ పోయారు గానీ ఎస్టేట్ పేరు వందేళ్ళైనా అలాగే ఉంటుంది, ఇవాళ్టికీ గూడలూరు, పందలూరు వైపు బస్ స్టాపులకి అవే పేర్లు.

ఎస్టేట్ పేరు ఎలా తెలుస్తుందంటే చర్చి రికార్డుల్లో. అప్పట్లో మన దగ్గర తెల్లవాళ్ళకీ ఆంగ్లో ఇండియన్లకీ ప్రభుత్వ బర్త్ సర్టిఫికెట్ అంటూ పెద్దగా ఏం లేదు, ఉన్నదల్లా బాప్టిజం, పెళ్ళి, సమాధి రిజిస్టర్లే. చర్చిల నుంచి వాటి కాపీలు మద్రాసుకి, అక్కడి నుంచి లండన్‌కి వెళ్ళేవి. అవన్నీ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి, మద్రాసు ప్రెసిడెన్సీవి ఎన్/2 అనే సిరీస్. బెంగాల్‌ది ఎన్/1, బాంబేది ఎన్/3. నీలగిరి, వయనాడ్, నెల్లూరు, కడప, విశాఖపట్నం అన్నీ అప్పుడు మద్రాసు కిందే కాబట్టి మనకి కావాల్సింది ఎన్/2. దీనికోసం లండన్ పోనక్కర్లేదు, ఫైండ్‌మైపాస్ట్ అనే సైట్‌లో 2014 నుంచి స్కాన్‌లు ఉన్నాయి, డబ్బు కట్టాలి, ఒక నెలకి తీసుకుని మొత్తం ఊడ్చేసి క్యాన్సిల్ చేసుకోండి. ఫ్యామిలీసెర్చ్ ఫ్రీ, కానీ అందులో చాలావాటికి ఇండెక్స్ మాత్రమే వస్తుంది, ఇండెక్స్‌లో అసలు సంగతులు ఉండవు. ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఒకటుంది, వాళ్ళ సైట్‌లో వెతకడం ఫ్రీ, ముందు అక్కడ చూసి తర్వాత డబ్బు పెట్టండి.

ఆ అసలు స్కాన్ ఎందుకు చూడాలో మా కేసే చెప్తా. బాప్టిజం పేజీలో పుట్టిన తేదీ, బాప్టిజం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఉండే చోటు, తండ్రి వృత్తి, చేయించిన పాస్టర్ పేరు, ఇలా గళ్ళుంటాయి. మా దొర పిల్లల బాప్టిజాలు వరసగా పెట్టుకుని చూస్తే వృత్తి గడి ఒక్కటే ఒక నవల. పెద్దపిల్లకి 'కాఫీ ప్లాంటర్' అని ఉంది, ఉండే చోటు దగ్గర ఎస్టేట్ పేరు. తర్వాతి వాడికి వచ్చేసరికి దేవాల దగ్గర ఒక బంగారు గనిలో ఓవర్సీర్. చివరివాడికి, అంటే మా అమ్మమ్మ వాళ్ళ నాన్నకి, 'రోడ్ ఓవర్సీర్, పీడబ్ల్యూడీ'. కొండంత తోట కాస్తా రోడ్డు పనుల దగ్గర తేలింది.

దీని వెనక జరిగింది తెలుసుకుంటే మీ దొర కథ కూడా అర్థమవుతుంది. 1869లో సిలోన్‌లో కాఫీ ఆకుకి తుప్పు తెగులు పట్టుకుంది, తర్వాత కొద్ది ఏళ్ళకే మన వయనాడ్, నీలగిరి తోటలకీ వచ్చింది, అంతకుముందే కాండం తొలిచే పురుగు ఒకటి తినేస్తూ ఉంది. తోటలు పాడుబడ్డాయి. అదే టైమ్‌లో 1880 ప్రాంతంలో దేవాల, పందలూరు కొండల్లో బంగారం ఉందని లండన్‌లో కంపెనీల మీద కంపెనీలు పెట్టి షేర్లు అమ్మారు, దివాలా తీసిన ప్లాంటర్లు చాలామంది ఆ గనుల్లో చేరారు, కొన్నేళ్ళలోనే అదీ తుస్సుమంది. కొంతమంది సింకోనాకి, అంటే క్వినైన్ మందు తీసే చెట్టుకి, మారారు, జావా నుంచి డచ్చివాళ్ళ సరుకు దిగి దాని రేటూ పడిపోయింది. నిలదొక్కుకున్నవాళ్ళు టీకి వెళ్ళారు. కాబట్టి ఇంట్లో 'కాఫీ దొర' అని చెప్పుకున్నా ఆయన ప్లాంటర్‌గా ఉన్నది నాలుగైదేళ్ళే అయుండొచ్చు. పిల్లలు రైల్వేకి, టెలిగ్రాఫ్‌కి, కస్టమ్స్‌కి పోయారు, మా వాళ్ళు మద్రాస్ రైల్వేలో చేరి అలా బిట్రగుంటకి వచ్చిపడ్డారు. మీ వాళ్ళు కడప జిల్లాకి ఎలా వచ్చారో చూడండి, గుంతకల్లు లైన్ మీద ఎవరన్నా పనిచేశారేమో.

ఇక తల్లి గడి. మా వాళ్ళందరూ ఆ దొరసాని పోర్చుగీసు ఆవిడ అనేవాళ్ళు. రిజిస్టర్‌లో ఉన్నది ఒక్క 'మేరీ', ఇంటిపేరు లేదు, మూడు బాప్టిజాల్లోనూ అంతే. ఆ రికార్డుల్లో తల్లికి క్రైస్తవ పేరు ఒక్కటే ఉండి ఇంటిపేరు లేకపోతే చాలాసార్లు ఆవిడ ఇక్కడి మనిషే, బాప్టిజం ఇచ్చి పేరు మార్చి ఉంటారు. పాత రిజిస్టర్లలో అయితే కొన్నిచోట్ల తల్లి పేరే రాయకుండా 'నేటివ్ వుమన్' అని వదిలేశారు. ఆంగ్లో ఇండియన్ ఇళ్ళల్లో ఈ పోర్చుగీసు బామ్మలు ఇంతమంది ఎలా ఉన్నారా అని నాకు ఎప్పటినుంచో డౌటు, మా పెద్దమామయ్యకి ఈ సంగతి చెప్తే కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ మేరీ ఎవరో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు దొర మీద ఉన్నదానికంటే ఎక్కువ, కానీ కాగితాలు దొరల వైపే రాశారు. ఆవిడ వైపు దారి దొరికే ఛాన్స్ ఉందంటే మిషన్ రికార్డుల్లో, ఊటీ దగ్గర కేతిలో బాసెల్ మిషన్ వాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళ ఆర్కైవ్స్ స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లోనే ఉన్నాయి, కాగితాలు ఎక్కువ జర్మన్‌లో.

ఎస్టేట్ పేరు చేతికొచ్చాక డైరెక్టరీలు చూడండి. థాకర్స్ ఇండియన్ డైరెక్టరీ, మద్రాసు ఎసైలమ్ ప్రెస్ ఆల్మనాక్, ఈ రెండిటి పాత సంచికలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఫ్రీగా ఉన్నాయి. ఎస్టేట్‌కి ఎదురుగా ఓనరెవరు, మేనేజరెవరు, ఏజెంట్లెవరు అని ఉంటుంది, మీ దొర ఏ వరసలో ఉన్నాడో అక్కడే తేలిపోతుంది. ఏజెంటు అంటే మద్రాసులో పారీ కంపెనీ, కాలికట్‌లో పియర్స్ లెస్లీ లాంటివాళ్ళు. వెతికేటప్పుడు పాత స్పెల్లింగులే కొట్టండి, వయనాడ్‌ని వైనాడ్ అని చివర రెండు 'ఏ'లతో రాసేవాళ్ళు, ఊటీ అయితే ఊటకమండ్.

ఇంకో చిక్కుంది, జిల్లా సరిహద్దులు. గూడలూరు వైపు ఆగ్నేయ వయనాడ్ 1877 దాకా మలబారు జిల్లాలో ఉండి తర్వాత నీలగిరిలో కలిసింది. అసలు నీలగిరే 1868 దాకా కోయంబత్తూరు కింద ఉంది. అందుకని పాత రెవెన్యూ కాగితం కావాలంటే 1877 ముందుదైతే కోళికోడ్ (అదే పాత కాలికట్) ఆర్కైవ్స్‌లో కూడా చూడాలి, ఒక్క చెన్నై ఎగ్మోర్‌లో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్ సరిపోదు. ఎగ్మోర్‌కి వెళ్ళేవాళ్ళు ముందుగా పర్మిషన్‌కి అప్లై చేసుకుని వెళ్ళండి, ఊరికే వెళ్తే వెనక్కి పంపేస్తారు.

సమాధులకైతే జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి రాళ్ళ మీద చరిత్రకి పనికొచ్చే రాతలు జిల్లాలవారీగా అచ్చేశాడు, అదీ నెట్‌లో ఉంది, కొన్నిటికి కింద ఆ మనిషి గురించి చిన్న నోట్ కూడా రాశాడు. లండన్‌లో బాక్సా అని 1976లో పెట్టిన సంస్థ ఇక్కడి తెల్లవాళ్ళ స్మశానాల వివరాలు పోగుచేస్తుంది. మేం నేరుగా ఒక చర్చికి కూడా వెళ్ళాం, ఎక్కడో చెప్పను, పాపం వాచ్‌మన్ బీరువా తీసి రిజిస్టర్ బయట పెడితే సగం పేజీలు చెదలు తినేసి జల్లెడయిపోయాయి, అప్పుడనిపించింది లండన్‌కి కాపీ వెళ్ళడమే మంచిదయిందని. క్యాథలిక్కులైతే మాత్రం ఆ లండన్ కాపీల మీద నమ్మకం పెట్టుకోవద్దు, చాలావి అందులో లేవు, ఆ ఊరి పారిష్ చర్చిలోనే అడగాలి.

అటువైపు మూలాలకి వస్తే, ప్లాంటర్లలో స్కాట్లాండ్ వాళ్ళు చాలామంది, స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ సైట్‌లో 1855 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు రిజిస్టర్లు ఉన్నాయి. మా దొరది అబర్దీన్ దగ్గర పల్లెటూరని తెలిసింది మాత్రం డీఎన్ఏ వల్ల. అమెరికాలో ఉన్న మా కజిన్ టెస్ట్ చేయించుకుంటే దొర చెల్లెలి వైపు మనవరాళ్ళు తగిలారు. తాతకి తాత అంటే మనలో సగటున ఆరు శాతం ఆయనది ఉంటుంది, మ్యాచ్ తెలియడానికి అది చాలు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళతో చేయిస్తే ఇంకా మంచిది.

ఇంకోటి, దొర అనేసరికి మనకి గొప్పగా ఉంటుంది గానీ కోర్టు కాగితాలు కూడా చూడండి. 1859 నాటి చట్టం ఒకటుండేది, అడ్వాన్స్ తీసుకుని పనికి రాని కూలీని మేజిస్ట్రేట్ ముందుకి లాగి జైల్లో పెట్టించొచ్చు, 1925లో గానీ దాన్ని తీసెయ్యలేదు. ప్లాంటర్లు దీన్ని గట్టిగానే వాడుకున్నారు. మీవాడి పేరు అలాంటి కేసులో ఫిర్యాదుదారుగా కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆస్తి మాట మర్చిపోండి. గూడలూరు వైపు భూమి చాలావరకు నిలంబూరు కోవిలకం (రాజకుటుంబం) జన్మిలది, అంటే భూస్వాములది, దొరలు లీజుకి తీసుకున్నారంతే, తర్వాత 1969లో జన్మం ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, దానిమీద కేసులు దశాబ్దాలు నడిచాయి, అందులో మీరూ నేనూ ఎక్కడా లేం. వీసా కూడా అంతే, బ్రిటన్ ఆన్సెస్ట్రీ వీసాకి మీ సొంత తాతో నాయనమ్మో అమ్మమ్మో అక్కడ పుట్టి ఉండాలి, జేజమ్మ వాళ్ళ తాత లెక్కలోకి రాడు. కానీ ఆయన ఏమన్నా వీలునామా రాశాడేమో చూడండి, 1858 నుంచి ఇంగ్లండ్ ప్రొబేట్ క్యాలెండర్, అంటే కోర్టు ఖరారు చేసిన వీలునామాల జాబితా, ఫ్రీగా వెతుక్కోవచ్చు, ఇక్కడ మద్రాసులో ప్రొబేట్ అయినవి ఫైండ్‌మైపాస్ట్‌లోనే ఉన్నాయి. మా దొర వీలునామాలో మిగిలింది ఒక తుపాకీ, ఒక పోనీ, బజారులో సరుకుల షాపుకి బాకీ.

మీ జేజమ్మ పెళ్ళి ఏ చర్చిలో అయిందో, ఏ సంవత్సరం చుట్టుపక్కలో కనుక్కుని కింద రాయండి, అందులో వాళ్ళ నాన్న పేరు ఉంటుంది, అక్కణ్ణుంచి ఒక తరం వెనక్కి నేను చూసి పెడతా, నా ఫైండ్‌మైపాస్ట్ సబ్‌స్క్రిప్షన్ ఈ నెలాఖరు దాకా ఉంది.