ఫ్లెక్సీ మీద మా అమ్మాయి

ప్రశ్న: మా పాపకి పధ్నాలుగేళ్లు. వేసవిలో ఓణీల ఫంక్షన్ చేశాం. ఫొటోలకి డబ్బులన్నీ కట్టేశాం. ఇప్పుడు బస్టాండు దగ్గర ఆ స్టూడియో ఫ్లెక్సీలో నిలువెత్తున మా పిల్లే! క్లాసులో ఏడిపిస్తున్నారని బడికి వెళ్లనంటోంది. అడిగితే, ‘ఫొటో మేం తీసిందేగా మేడం’ అన్నాడు. ఏం చేయాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: నేను లా చదివేటప్పుడు మా నాన్న తెచ్చిన పకోడీల పొట్లం విప్పితే, నూనె మరకల మధ్య నా ఫొటోయే కనబడింది. అదొక ట్యుటోరియల్ కరపత్రం. ఆ గడప నేనెన్నడూ తొక్కలేదు! అందుకే మీ పాప బాధ నాకు తెలుసు.

‘మేం తీసిందేగా’ అన్న మాట ఇక్కడ చెల్లదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. వేరే ఒప్పందం ఉంటే తప్ప. కాబట్టి ముందు బిల్లు వెనక్కి తిప్పి చూడండి. ‘ప్రచారానికి వాడుకుంటాం’ అని చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసి ఉండొచ్చు.

అలా ఉన్నా కంగారు పడకండి. కాపీరైట్ వేరు, ముఖం మీద హక్కు వేరు. అనుమతి లేకుండా ఒకరి పేరో రూపమో ప్రకటనకి వాడుకుంటే వాళ్ల ప్రైవసీకి భంగమేనని 1994లో, ఆటో శంకర్ అనే హంతకుడి ఆత్మకథ ప్రచురణ మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో ప్రైవసీ ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు. మీ పాప మైనరు. ‘తనే సరేనంది మేడం’ అని అతనన్నా ఆ మాటకి విలువ లేదు.

మీవారు కోపంతో రాత్రికి రాత్రి ఫ్లెక్సీ చించేస్తారేమో, ఆపండి! ముందు స్టూడియో పేరు, చుట్టుపక్కల కొట్లు పడేలా, తేదీ తెలిసేలా నాలుగు ఫొటోలు తీసుకోండి. తర్వాత, ఫ్లెక్సీ, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్కడున్నా వారంలో తీసేయమని స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో ఉత్తరం పెట్టండి. పోస్టాఫీసు రసీదు, ఉత్తరం అందిన రుజువు జాగ్రత్త. చాలా వరకు అక్కడితోనే దిగొస్తారు. రాకపోతే లాయర్ నోటీసు, ఆపైన సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఫొటో వాడొద్దనే కోర్టు ఉత్తర్వు), నష్టపరిహారం.

ఇకమీదట ఏ ఫంక్షన్‌కైనా అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, ‘మా ఫొటోలు ప్రచారానికి వాడరాదు’ అని రసీదు మీద రాయించి, అతని సంతకం తీసుకోండి.