షాంఘైలో ఏ వైన్ అడగాలి?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మాకు మిర్చి వ్యాపారం. ఎగుమతి పని మీద షాంఘై వెళ్తున్నాను. అక్కడ వైన్ బార్లు బాగా పెరిగాయట. చైనా వైన్ తాగదగినదేనా, మేడమ్?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వెతుక్కుని మరీ తాగదగినది. ఒకప్పుడు ఫ్రాన్స్ పాలనలో ఉన్న పాత ఫ్రెంచ్ కన్సెషన్ ప్రాంతపు వీధుల్లో చిన్న వైన్ బార్లు ఉంటాయి. ఫ్రాన్స్ సీసాలు చూపిస్తే మర్యాదగా పక్కన పెట్టి, వాయవ్య చైనాలోని నింగ్‌షియా ప్రాంతపు వైన్ అడగండి. హెలాన్ కొండల తూర్పు పాదాల దగ్గరి ద్రాక్షతో చేస్తారు దాన్ని. చలికి తీగలు చచ్చిపోతాయని అక్కడి రైతులు ఏటా శీతాకాలానికి ముందే వాటిని వంచి మట్టిలో పూడ్చి, వసంతంలో మళ్లీ తవ్వి తీస్తారు. మిర్చి రైతు కష్టం ఎరిగిన మీకు ఆ శ్రమ విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడి జియాబేలాన్ 2009 వైన్‌కు 2011లో బ్రిటన్ వైన్ పత్రిక డికాంటర్ పోటీలో అంతర్జాతీయ ట్రోఫీ దక్కినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది.

మార్సెలాన్ రకం దొరికితే వదలకండి. కాబర్నే సావిన్యోన్, గ్రెనాష్ అనే ద్రాక్ష రకాలను కలిపి 1961లో ఫ్రాన్స్‌లో సృష్టించిన ఈ ద్రాక్ష చైనా నేలలో చక్కగా కుదురుకుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే.

ఒక్క జాగ్రత్త. కారం తిన్న నోటికి వగరైన రెడ్ వైన్ మంట పెంచుతుంది. కారం ఘాటైన సిచువాన్ వంటకాలు తినేటప్పుడు కాస్త తీపి ఉన్న రీస్లింగ్ అనే వైట్ వైన్ తీసుకోండి. సోయా, చక్కెర వేసి ఎర్రగా ఉడికించే షాంఘై పంది మాంసానికైతే రెడ్ వైన్ బాగుంటుంది. వ్యాపార విందులో ‘గాన్‌బే’ అంటూ గ్లాసు ఖాళీ చేయమంటారు. తక్కువ తాగుతానని కూర్చోగానే చెప్పేయండి.