కీమోకి ముందు విగ్గు: ఏ రకం టోపీ మీద అల్లినది మంచిది?

వచ్చే నెల అమ్మగారికి కీమో మొదలవుతుందని, షాపులో విగ్గులను, జుట్టు బిగించే లోపలి టోపీ రకాన్ని బట్టి, వెఫ్ట్, మోనో, లేస్ అని చూపిస్తే ఏది కొనాలో తేల్చుకోలేకపోయానని రాశారు. పైభాగం మోనోఫిలమెంట్ (అదే మోనో), ముందు అంచు లేస్ (సన్నటి వల) ఉన్నది తీసుకోండి.

వెఫ్ట్ రకంలో జుట్టును పట్టీలుగా కుట్టి సాగే రిబ్బన్లకు వరసలుగా బిగిస్తారు. గాలి బాగా ఆడుతుంది, ధరా తక్కువ. సొంత జుట్టు కొంత ఉన్నవాళ్లకి అదే చాలు. కానీ కీమోలో జుట్టంతా రాలాక ఆ కుట్లు వట్టి చర్మానికి ఒరుసుకుని దురద పెడతాయి. మోనోలో పల్చటి వలకు ఒక్కో వెంట్రుకా విడిగా ముడేస్తారు. కింద చర్మం కనిపిస్తుంది, పాపిట ఎటైనా తీసుకోవచ్చు. ముడులు గుచ్చుకోకుండా లోపల మెత్తటి రెండో పొర ఉన్నది అడగండి. లేస్ అంచు వల్ల నుదుటి దగ్గర జుట్టు మొలిచినట్టే ఉంటుంది. బొట్టు పెట్టుకుని వెనక్కి దువ్వుకునే అమ్మగారికి ఇది చాలా ముఖ్యం. టోపీ అంతటా జుట్టును చేత్తో ముడేసినది ఇంకా మెత్తన, ఖరీదూ ఎక్కువే.

జిగురు, టేపు వద్దు. లోపల పల్చటి నూలు టోపీ వేస్తే చెమట పీలుస్తుంది. రాలడం సాధారణంగా మొదటి డోసు తర్వాత 2, 3 వారాల్లో మొదలవుతుంది. జుట్టు పోయాక తల చుట్టుకొలత కాస్త తగ్గుతుంది కాబట్టి వెనక సర్దుకునే పట్టీలు ఉన్నాయో లేదో చూడండి. సింథటిక్ జుట్టయితే, అది పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వకండి. వేడి ఆవిరి తగిలినా పోగులు ముడుచుకుపోతాయి.