బీఎడ్ ఆఖరి ఏడాది, సతచాళిశ, చీపురుపుల్లలు

"మాది ఒడిశాలోని గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా. బీఎడ్ మొదటి ఏడాది అయిపోయింది. ఫైనల్ ఇయర్‌కి ఈ సెలవుల్లో ఏ గైడ్లు కొనాలి? నోట్సు ఇప్పటినుంచే రాసుకోవాలా?" అని ఒక విద్యార్థి అడిగారు.

గైడ్ల మీద ఇప్పుడు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. రెండో ఏడాదిని మింగేసేది ఇంటర్న్‌షిప్, అంటే బడిలో పాఠాలు చెబుతూ చేసే శిక్షణ. థియరీకి దొరికేది అది వదిలిపెట్టిన సమయమే.

లెక్క చూడండి. 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనల ప్రకారం రెండేళ్లలో బడిలో గడపాల్సింది 20 వారాలు. మొదటి ఏడాదికి 4, రెండో ఏడాదికి 16. కాలేజీ క్లాసులకి 80 శాతం హాజరు చాలు గానీ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. వారానికి ఆరు రోజుల చొప్పున 16 వారాలంటే 96 రోజులు. అంటే మానేయడానికి మీకున్నవి తొమ్మిదే. మధ్యలో పండగ సెలవులొస్తే పనిదినాలు తగ్గుతాయి, ఆ తొమ్మిదీ తగ్గుతాయి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లి వచ్చినా, సర్టిఫికెట్ కోసం బరంపురం వెళ్లాల్సొచ్చినా అందులోంచే పోవాలి. అందుకని కుల ధ్రువపత్రం, మార్కుల జాబితాలో పేరు తప్పులు, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ కాగితాలు లాంటి ఆఫీసు పనులన్నీ ఈ సెలవుల్లోనే తెగ్గొట్టుకోండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది. నవంబరులో హాజరు పట్టిక ముందు నిలబడినప్పుడు చిన్నదిగా ఉండదు.

ఇక అసలు చదవాల్సింది చెబుతాను. ఒడియాలో ఒకటి నుంచి నూరు దాకా అంకెలు పలకడం నేర్చుకోండి. మీకు వచ్చనే అనుకుంటారు. సంతలో బేరమాడడానికి వస్తే సరిపోదు, తరగతిలో చెప్పడానికి రావాలి.

మన సరిహద్దు బడుల్లో లెసన్ ఎక్కడ కూలుతుందో దగ్గర్నుంచి చూడండి. ఆరో తరగతి, లెక్కల పీరియడ్. బోర్డు దగ్గర ట్రైనీ "సతచాళిశ రాయండి" అంటారు. ఒడియాలో అది 47. ముందు బెంచీలో తెలుగింటి పిల్ల 7 వేసి, పక్కన 4 వేస్తుంది. 74 అయింది. ఆ పిల్లకి లెక్క రాక కాదు. తెలుగులో నలభై ఏడు అన్నప్పుడు ముందు విన్న నలభైకి 4, తర్వాత విన్న ఏడుకి 7 వేస్తాం. చెవికి తగిలిన వరసలోనే చెయ్యి నడుస్తుంది. పదకొండు దగ్గర్నుంచీ తెలుగులో పదే ముందు. ఒడియాలో ఏడు ముందొచ్చి నలభై వెనకొస్తుంది. అదే బెంచీలో రెండో పిల్ల 7 వేసి, దానికి ఎడమ పక్క కాస్త ఖాళీ వదిలి, "చాళిశ" విన్నాక అక్కడ 4 దూరుస్తుంది. జవాబు సరైనదే. కానీ ఆ చెయ్యి వెనక్కి వెళ్లొచ్చేలోగా ట్రైనీ తర్వాతి అంకె చెప్పేసి ఉంటారు. మూడో నాలుగో అంకెకి ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టేస్తుంది. వెనక కూర్చున్న సూపర్‌వైజర్ "క్లాస్ కంట్రోల్ లేదు" అని రాసుకుంటారు. లోపం కంట్రోల్‌ది కాదు, డిక్టేషన్‌ది.

అణతిరిశ ఇంకో మెలిక. ముప్పైకి ఒకటి తక్కువ, అంటే 29. "తిరిశ" చెవిన పడగానే 3 వేసేసే పిల్లలుంటారు. అణచాళిశ 39, అదీ అంతే. మహారాష్ట్రలో సిరోంచా, కిన్వట్ వైపు చదువుతున్నవాళ్లకి మరాఠీలోనూ ఇదే తంటా: సత్తేచాళీస్ (47)లో ఏడే ముందు, ఏకోణతీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ. కొండల్లోంచి వచ్చే సవర పిల్లల లెక్క మళ్లీ వేరు. వాళ్ల భాషలో పదమూడంటే పన్నెండూ ఒకటీ, ముప్పై రెండంటే ఇరవై, పన్నెండూ. ఒకే తరగతిలో మూడు రకాల చెవులున్నాయని తెలియకుండా స్థాన విలువ పాఠం చెప్పబోతే, పాఠం బోర్డు మీదే ఉండిపోతుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించాలని పూనుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తున్నాం. అదే ఊళ్లో బీఎడ్ చదివే పిల్లలకి తరగతిలో ఏయే ఇంటి భాషలున్నాయో కనుక్కోవాలని చెప్పేవాళ్లు లేకపోవడం నాకు నిజంగా బాధ.

చేయాల్సింది ఇదీ. ఒక కాగితం మీద మూడు నిలువు వరసలు గీసి అంకె, ఒడియా పేరు, తెలుగు పేరు రాయండి. 21 నుంచి 99 దాకా రోజుకి ఇరవై చొప్పున గట్టిగా పలకండి. ఇంట్లో ఎవరిచేతనైనా వరస మార్చి చెప్పించుకుని రాయండి. తర్వాత రెండు కొబ్బరి ఈనెల చీపుర్లు కొనండి. ఈనెల్ని పది సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే ఒక్కోదానికి ఆరు ముక్కలు వస్తాయి. నలభైమంది తరగతికి ఐదుగురి చొప్పున ఎనిమిది జట్లు. ఒక్కో జట్టుకి 9 కట్టలు, 9 విడి పుల్లలు, మొత్తం 99. ఎనిమిది జట్లకి 792 ముక్కలు, అంటే దాదాపు 132 ఈనెలు. కట్టకి పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయండి. కళ్లతో అంచనా వేసి కట్టకండి. ఒక కట్టలో తొమ్మిదే ఉంటే పాఠం మొత్తం అనుమానంలో పడుతుంది.

తరగతిలో "సతచాళిశ" అనగానే రాయనివ్వకండి. ముందు నాలుగు కట్టలు, ఏడు పుల్లలు పేర్చాలి. కట్టలు ఎడమవైపు, విడివి కుడివైపు. పేర్చాకే అంకె రాయాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పిల్లలకి ఎదురుగా బల్ల వెనక నిలబడి, తమ ఎడమవైపు కట్టలు పెట్టి చూపిస్తారు. ఎదురుగా ఉన్నవాళ్లకి అవి కుడివైపు కనిపిస్తాయి. వాళ్లు 74 చూస్తారు. పిల్లలవైపు తిరిగి నిలబడితే కట్టలు మీ కుడిచేతి వైపు ఉండాలి. లేదా బల్ల ముందుకొచ్చి, మీరూ బోర్డువైపే తిరిగి పేర్చండి. డిక్టేషన్‌లో ఒక్కో అంకెకి ఐదు సెకన్లు ఆగండి. ఎడమ పక్కకి వెనక్కి వెళ్లే చేతికి ఆ వ్యవధి కావాలి.

ఇదే పనిని మీ యాక్షన్ రీసెర్చ్‌గా, అంటే తరగతిలోని ఒక సమస్యని తీసుకుని మీరే చేసే చిన్న పరిశోధనగా, మార్చుకోవచ్చు. "విద్యార్థుల్లో చదువుపట్ల ఆసక్తి లేకపోవడం" లాంటి సమస్య ఎంచుకోకండి. దాన్ని మూడు వారాల్లో కొలవలేరు, కొలవలేని దానికి రిపోర్టు రాయాలంటే అబద్ధాలే రాయాలి. 29, 36, 39, 47, 49, 58, 65, 74, 83, 92. ఈ పది అంకెలతో ప్రీ-టెస్ట్ పెట్టండి. 33, 44, 55 వద్దు, వాటిని తిరగేసి రాసినా తేడా తెలియదు. కాగితాలు దిద్దేటప్పుడు తిరగేసిన తప్పులు ఒక గడిలో, మిగతావి ఒక గడిలో వేరుగా లెక్కపెట్టండి. ఆ విభజన లేకపోతే తప్పు ఎందుకొచ్చిందో మీకూ తెలియదు, వైవాలో అడిగినా చెప్పలేరు. తర్వాత మూడు వారాలు, రోజుకి పది నిమిషాలు పుల్లలతో పని. చివర్లో అవే అంకెలు వరస మార్చి పోస్ట్-టెస్ట్. రిపోర్టు దానంతటదే వస్తుంది.

లెసన్ ప్లాన్లు ఎన్ని రాయాలో మీ యూనివర్సిటీ సిలబస్‌లో చూసుకోండి, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఎన్నయినా, నలభై నిమిషాల పీరియడ్‌కి ముప్పై రెండు నిమిషాల ప్లానే రాయండి. హాజరుకి, పుస్తకాలు తీయడానికి, పక్క తరగతి పిల్లాడు చాక్‌పీస్ అడగడానికి ఎనిమిది పోతాయి. నలభైకి రాసినవాళ్లకి ఎప్పుడూ మూల్యాంకనం దగ్గరే గంట కొడతారు, ఆ ఖానాకే మార్కులు పోతాయి. లక్ష్యాల్లో "అర్థం చేసుకుంటారు" అని రాయకండి. "కట్టలుగా పేరుస్తారు", "తేడా చెబుతారు", "ఉదాహరణ ఇస్తారు" అని కంటికి కనిపించే పని రాయండి. బోర్డు ఎలా ఉంటుందో ప్లాన్ పక్క పేజీలో గీసుకోండి. ఎడమ మూడోవంతులో పాఠం పేరు, ముఖ్యమైన మాటలు, అవి చివరిదాకా చెరపకూడదు. మధ్యలో పని, కుడివైపు చిత్తు. కొత్త చాక్‌పీస్ కీచుమంటే సగానికి విరిచి, వాల్చి పట్టుకోండి.

సెలవుల్లో ఫోను గోడకి ఆనించి ఆరు నిమిషాల పాఠం రికార్డు చేసుకోండి. మైక్రోటీచింగ్‌లో మీరు చేసిందే: ఆరు నిమిషాలు బోధన, ఆరు సలహాలు, పన్నెండు ప్లాన్ సవరణ, మళ్లీ ఆరు, మళ్లీ ఆరు. చూసేటప్పుడు ఒక్కటే గమనించండి: ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగారా, మీరే జవాబు చెప్పేశారా?

అచీవ్‌మెంట్ టెస్ట్, అంటే పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసే పరీక్ష, చాలామంది ఇంటర్న్‌షిప్ చివరి వారంలో పడేస్తారు. పన్నెండో వారానికల్లా పెట్టండి, ఐటమ్ అనాలిసిస్‌కి, అంటే ఒక్కో ప్రశ్న ఎలా పనిచేసిందో లెక్కగట్టడానికి, సమయం కావాలి. నలభైమందిని మార్కుల వరసలో పేర్చి పైన 27 శాతం, కింద 27 శాతం తీయండి, అంటే పదకొండుమంది చొప్పున. ఒక ప్రశ్నకి పైవాళ్లలో 9, కిందివాళ్లలో 4 సరిగ్గా రాశారనుకోండి. కఠినతా సూచిక (ఆ ప్రశ్న ఎంతమందికి వచ్చిందో చెప్పేది) 13ని 22తో భాగిస్తే 0.59. విచక్షణా సూచిక (బాగా చదివేవాళ్లని, వెనకబడ్డవాళ్లని ఎంత విడదీసిందో చెప్పేది) 5ని 11తో భాగిస్తే 0.45, మంచి ప్రశ్న. పైన 4, కింద 7 వస్తే మైనస్ 0.27. అప్పుడు ముందు మీ కీ (జవాబుల పట్టిక) చూసుకోండి. కీ సరిగ్గా ఉంటే ప్రశ్నలో మాట చూడండి. మన దగ్గర చాలాసార్లు దొరికేది అక్కడే: తరగతిలో ఒక మాట వాడి, పేపర్లో పుస్తకంలోని వేరే మాట రాసుంటారు. ఆ ప్రశ్నని దాచేయకండి. ఎందుకు తప్పిందో రికార్డులో రాస్తే అదే మీ పని విలువ.

రికార్డు అంటే ఒక మాట. స్కెచ్ పెన్ను బోర్డర్లు, థర్మకోల్ తాజ్‌మహళ్లు, సీనియర్ల రికార్డు జిరాక్స్ తీసి పేరు మార్చడాలు చూస్తే మనసు కలుక్కుమంటుంది. అరవై పేజీలు నకలు రాసే రాత్రుల్లో ఇరవై ప్లాన్లు సొంతంగా రాయొచ్చు. ఇంకొకటి: బడిలో టీచర్లు తక్కువైతే మిమ్మల్ని ఖాళీ పీరియడ్లకి, భోజనం రిజిస్టర్లకి తోసేస్తారు. గొడవ పెట్టుకోకండి. తేదీ, పీరియడ్, తరగతి, ఏం చేశారో ఒక చిన్న పుస్తకంలో రాసి వారానికోసారి మెంటర్ టీచర్ చేత సంతకం పెట్టించుకోండి. లెసన్లు తక్కువయ్యాయని ఎవరైనా అన్నప్పుడు అదొక్కటే ఆధారం.

థియరీలో అసెస్‌మెంట్ పేపరు పైన చెప్పిన పరీక్షతోనే సగం అయిపోతుంది. ఇంక్లూజివ్ (అందరు పిల్లల్నీ కలుపుకునే విద్య) పేపరుకి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, అందులోని 21 వైకల్యాలు, మీ తరగతిలో కళ్లజోడు అవసరమై పెట్టుకోని పిల్లాడు, ఇవి కలిపి చదవండి. మిగతావాటికి పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి చాలు.

టీచరు ఉద్యోగానికి కావాల్సిన అర్హత పరీక్ష టెట్ ఈ ఏడాదే రాసేయండి. కేంద్రం పెట్టే టెట్ అయిన సీటెట్‌కి ఫైనల్ ఇయర్ వాళ్లూ దరఖాస్తు చేయొచ్చు. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు, జనరల్‌కి 90 రావాలి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత బీఎడ్‌తో ఒకటి నుంచి ఐదు తరగతుల ఉద్యోగానికి దారి లేదు. అందుకని మొదటి పేపరు మీద డబ్బు, సమయం పెట్టకండి, మీకు కావాల్సింది రెండో పేపరు. భాషల్లో తెలుగు తీసుకోవచ్చు. వ్యాకరణం గుర్తుందిలే అనుకుని వదిలేయకండి, ఆ 30 ప్రశ్నల్లో సగం బోధనా పద్ధతుల మీదే వస్తాయి.

ఈ వారం చేయాల్సింది: దగ్గర్లోని హైస్కూల్ టీచర్‌ని అడిగి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఒడియా మీడియం లెక్కల పుస్తకాలు తెచ్చుకోండి. బళ్లు తెరిచిన మొదటి వారంలో హెచ్‌ఎం అనుమతి తీసుకుని ఆ పది అంకెల డిక్టేషన్ ఒక తరగతికి పెట్టండి. కాగితాల వెనక పిల్లల చేత వాళ్లింట్లో మాట్లాడే భాష పేరు రాయించండి. తేదీ వేసి కవరులో పెట్టి దాచండి. మీకు వేరే బడి కేటాయిస్తే అక్కడ మళ్లీ పెట్టుకోవాలి, అప్పటికి మీ చెయ్యి తిరిగి ఉంటుంది.