బడి ఎవరి కోసం పుట్టింది?

ప్రశ్న: సార్, బళ్లు పెట్టిందే ఫ్యాక్టరీలకు పనివాళ్లను తయారు చేయడానికని, ఆ ప్లాన్ అంతా ప్రష్యా (జర్మనీ ప్రాంతపు పాత రాజ్యం) వాళ్లదని ఈమధ్య వీడియోల్లో తెగ చెబుతున్నారు. గంట కొట్టడం, లైన్లో నిలబెట్టడం, వయసును బట్టి క్లాసులు చూస్తే నాకూ నిజమే అనిపిస్తోంది. మా అబ్బాయి అదే చూపించి 'మరి నేనెందుకు వెళ్లాలి' అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి

జవాబు: ముందు మీ అబ్బాయికి 1763 అన్న సంవత్సరం చెప్పండమ్మా. పిల్లలందరినీ అయిదో ఏట నుంచి పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేదాకా బడికి పంపాల్సిందేనని ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఉత్తర్వు ఇచ్చింది ఆ ఏడాదే. అప్పటికి ప్రష్యాలో ఆవిరి యంత్రంతో నడిచే ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. జనంలో ఎక్కువమంది పల్లెల్లో వ్యవసాయం చేసుకునేవాళ్లే. అందుకే ఎండాకాలంలో పొలం పనులు, పశువుల కాపలా ఉంటాయని ఆ ఉత్తర్వులోనే బడి గంటలు తగ్గించారు. తనిఖీ చేయాల్సింది పాస్టర్లు. పాఠాల్లో ముఖ్యమైనది మతబోధ. చాలా ఊళ్లలో బడిపంతులు మరోపక్క దర్జీ పనో, నేత పనో చేసుకుంటేనే ఇల్లు గడిచేది. రాజుకు కావలసింది దైవభక్తి ఉండి, చెప్పిన మాట వినే ప్రజలు. ఫ్యాక్టరీ అన్న ఆలోచనే అందులో లేదు.

ఇంకో పక్క నుంచి చూడండి. ఫ్యాక్టరీల కోసమే బళ్లు పుట్టి ఉంటే, ప్రపంచంలో అందరికంటే ముందు ఫ్యాక్టరీలు పెట్టిన ఇంగ్లండ్‌లో బళ్లు కూడా అందరికంటే ముందు రావాలి కదా? జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ప్రభుత్వమే పూనుకుని బళ్లు లేనిచోట పెట్టించే చట్టం అక్కడ 1870లో గానీ రాలేదు, హాజరు తప్పనిసరి చేసింది 1880లో, చాలా బళ్లలో ఫీజులు పోయింది 1891లో. అప్పటికి నూలు మిల్లులు మొదలై వందేళ్లు. మిల్లు యజమానులకు పిల్లలు కావలసింది బడిలో కాదు, మిల్లులోనే. యంత్రం కిందికి దూరి దూది ఏరడానికి, తెగిన పోగులు అతకడానికి చిన్న చేతులు కావాలి. 1833లో చట్టం చేసి, తొమ్మిది నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలతో రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, రెండు గంటలు చదువు చెప్పించాలి అంటే, ఆ రెండు గంటలకే ఎంత గొణిగారో!

అలాగని ఆ వీడియోల్లో అంతా అబద్ధమే అనను. 1798లో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ ఒక బడి పెట్టాడు. ఒకే పెద్ద హాల్లో వందల మంది పిల్లలు, ఒక్క మాస్టారు. పెద్ద పిల్లలు మానిటర్లుగా చిన్నవాళ్లకు అప్పజెప్పించేవారు, ప్రతి కదలికకూ ఒక ఆర్డర్. ఇలాంటి పద్ధతినే అంతకుముందు మద్రాసులో అనాథ పిల్లల బడిలో నడిపి చూసిన ఆండ్రూ బెల్ ఇంగ్లండ్‌కు తీసుకెళ్లాడు. తక్కువ ఖర్చులో పేదపిల్లలకు నాలుగు అక్షరాలు, బోలెడంత క్రమశిక్షణ: అదీ దాని లెక్క. ఆ తర్వాత 1862లో అదే ఇంగ్లండ్‌లో ఇన్‌స్పెక్టర్ వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షించి, పాసైన దాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే విధానం పెట్టారు. దాంతో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? ఇన్‌స్పెక్టర్ అడిగేదే చదువైపోయింది. స్వయంగా ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ దీనిమీద గట్టిగానే మండిపడ్డాడు. 'యంత్రం' అన్న మాట వాడాలంటే నేను ఇక్కడ వాడతాను.

కానీ ఆ వీడియోలు అసలు చెప్పని సంగతి ఒకటుంది, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే. బడిని పైనుంచి పాలకులు దించితే, కిందనుంచి జనం కూడా లాక్కున్నారు. అమెరికాలో బానిసలకు అక్షరాలు నేర్పడం నేరమని దక్షిణాది రాష్ట్రాలు చట్టాలు చేశాయి. దక్షిణ కరోలినాలో అయితే 1740 నుంచే, బానిసకు రాయడం నేర్పితే జరిమానా. చదువు మనిషిని బానిసగా చేసేదే అయితే, బానిసల యజమానులు దాన్ని చూసి అంత భయపడటమెందుకు? 1865లో విముక్తి రాగానే ఆ జనం తమ చేతుల్తో బళ్లు కట్టుకున్నారు, పిల్లల పక్కన ముసలివాళ్లు కూడా కూర్చుని చదివారు. 1868లో దక్షిణ కరోలినా కొత్త రాజ్యాంగం రాసిన సభలో సగానికి పైగా నల్లజాతివాళ్లు. ప్రభుత్వ ఖర్చుతో అన్ని జాతుల పిల్లలకూ బడి ఉండాలని వాళ్లు అందులో రాసిపెట్టారు. ప్రష్యాలోనూ కథ రాజు అనుకున్నట్టు నడవలేదు. 1848లో తిరుగుబాటు చెలరేగితే, పంతుళ్లే ప్రజల బుర్రలు పాడుచేశారని ప్రభుత్వం వాళ్ల మీద పడి, 1854లో టీచర్ ట్రైనింగ్ పాఠాలను బాగా కుదించేసింది. విధేయత నేర్పడానికి పెట్టిన బడి ప్రశ్నలు కూడా నేర్పేసిందన్నమాట. మీ అబ్బాయికి ఈ రెండు ముక్కలూ చెప్పండి, వాదన పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి.

ప్రశ్న: విద్యా సమాజశాస్త్రం చదువుతున్నాను. ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ చదివితే ఆయనే కరెక్ట్ అనిపిస్తుంది, మార్క్సిస్టులను చదివితే వాళ్లూ కరెక్టే అనిపిస్తుంది. ఎవర్ని నమ్మాలి?
- బి.ఎడ్. విద్యార్థిని

జవాబు: పేరు, పాయింట్లు బట్టీపట్టే ముందు ఒక్కొక్కరూ ఏ బడిని చూసి మాట్లాడుతున్నారో కనుక్కోండి, సగం టెన్షన్ తగ్గుతుంది. డర్క్‌హైమ్ నాటి ఫ్రాన్స్ 1870-71 యుద్ధంలో ఓడిపోయిన దేశం. 1881-82లో జూల్స్ ఫెర్రీ చట్టాలు ప్రాథమిక విద్యను ఉచితం, తప్పనిసరి చేసి, ప్రభుత్వ బడిలోంచి మతబోధను తీసేశాయి. మరి పిల్లలకు నీతి ఎవరు నేర్పాలి, వేరువేరు ప్రాంతాల, నమ్మకాల పిల్లల్ని ఏది కలిపి ఉంచాలి? టీచర్లు కాబోయేవాళ్లకు పాఠాలు చెప్పే ఆయన ముందున్న ప్రశ్న ఇది. బడే ఆ పని చేయాలన్నాడు. ఆయన అడగని ప్రశ్న, ఆ కలిపే నీతి ఎవరిదని.

1976లో బౌల్స్, గింటిస్ అన్న ఇద్దరు మార్క్సిస్టు ఆర్థికవేత్తలు సరిగ్గా అదే అడిగారు. బడిలో పై అధికారి మాట వినడం, మార్కుల కోసం ఇష్టం లేని పని చేయడం ఉద్యోగంలో జరిగే దానికి అచ్చు నమూనా అన్నారు. బాగుంది, కానీ ఇందులో పిల్లలు మరీ మట్టిముద్దల్లా కనిపిస్తారు. మరుసటి ఏడాదే ఒక పుస్తకం వచ్చింది, పాల్ విల్లిస్ అన్న పరిశోధకుడు ఒక ఇంగ్లిష్ పారిశ్రామిక పట్టణంలో పన్నెండుమంది కార్మికుల కొడుకుల వెంట తిరిగి రాసింది, అది చదవండి. వాళ్లు టీచర్ మాట అస్సలు వినరు, బుద్ధిగా చదివేవాళ్లను ఏడిపిస్తారు, బడి తమకేమీ ఇవ్వదని ముందే తేల్చేసుకున్నారు. ఆ ఎదురుతిరగడమే చివరికి వాళ్లను తండ్రులు చేసిన కష్టం పనుల్లోకే తీసుకెళ్లింది. విధేయత నేర్పకుండానే బడి వాళ్లను అక్కడికి చేర్చింది.

నన్నడిగితే నేను మరో ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త బోర్డ్యూ వైపు మొగ్గుతాను. ఇంట్లో పుస్తకాలు, పెద్దవాళ్లతో ధీమాగా మాట్లాడే అలవాటు, బడి మెచ్చే భాష కొందరు పిల్లలకు పుట్టుకతోనే అందుతాయి. బడి వాటిని నేర్పదు, కానీ ఉన్నట్టే లెక్కేసి మార్కులు వేస్తుంది, వేసి దానికి 'ప్రతిభ' అని పేరు పెడుతుంది. అన్యాయం ఎక్కడుందంటే, మార్కులు రాని పిల్ల కూడా అది తన తెలివితక్కువేనని నమ్మేస్తుంది. మౌఖిక పరీక్షలో తడబడకుండా మాట్లాడిన అబ్బాయికి 'మంచి కాన్ఫిడెన్స్' అని రెండు మార్కులు ఎక్కువ పడటం మీరూ చూసే ఉంటారు.

అయితే దీన్నుంచి 'ఇల్లే అంతా, బడి వల్ల ఏమీ కాదు' అన్న చోటికి జారిపోకండి. అమెరికాలో 1966లో వచ్చిన కోల్‌మన్ నివేదికను చాలామంది అలాగే చదివారు. దాదాపు ఆరు లక్షలమంది విద్యార్థుల వివరాలతో చేసిన ఆ సర్వేలో, బళ్ల మధ్య ఉన్న సౌకర్యాల తేడాల కంటే కుటుంబ నేపథ్యమే మార్కులను ఎక్కువగా వివరించింది. అది బళ్ల మధ్య తేడాల గురించిన మాట. బడే లేకపోతే ఏమవుతుందో ఆ సర్వే కొలవలేదు. పరీక్షలో ఈ ఒక్క వాక్యం రాసినా మీ పేపర్ వేరుగా కనిపిస్తుంది.

ప్రశ్న: చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ థియరీలతో నా క్లాసుకు పనేమిటండీ?
- ఒక టీచర్

జవాబు: చాలా పని ఉంది మేడమ్. రే రిస్ట్ అనే పరిశోధకుడు అమెరికాలో ఒకే పిల్లల బృందాన్ని కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా గమనించి 1970లో ప్రచురించాడు. బడి తెరిచిన ఎనిమిదో రోజుకల్లా టీచర్ పిల్లల్ని మూడు బల్లలకు విడగొట్టి కూర్చోబెట్టింది. అప్పటికి ఏ పరీక్షా పెట్టలేదు. ఆమె చేతిలో ఉన్నవల్లా అడ్మిషన్ ఫారాలు, ఏ ఇంటికి ప్రభుత్వ సాయం అందుతోందన్న జాబితా, తల్లులతో మాట్లాడిన మాటలు, అన్నలూ అక్కల గురించిన కబుర్లు. ఉతికిన బట్టలు, ఇస్త్రీ, బెరుకు లేని మాట ఉన్నవాళ్లు మొదటి బల్ల. ఇక పాఠం ఆ బల్ల వైపే తిరిగి చెప్పడం, ప్రశ్నలూ వాళ్లకే. రెండో తరగతికి వచ్చేసరికి పై గుంపు నుంచి కింది గుంపు దాకా 'టైగర్స్', 'కార్డినల్స్', 'క్లౌన్స్' అని పేర్లు. ముందు ఏడాది మొదటి బల్ల కానివాళ్లలో ఒక్కరూ 'టైగర్' కాలేదు. గుర్తుంచుకోండి, ఆ టీచరూ ఆ పిల్లలూ నల్లజాతివాళ్లే, ఆమె దుర్మార్గురాలేం కాదు. పిల్లల్ని ప్రేమించేవాళ్లకూ ఇలా జరుగుతుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక వారం పాటు హాజరుపట్టీ జిరాక్స్ ఒకటి బల్లమీద పెట్టుకుని, ఎవర్ని ప్రశ్న అడిగితే వాళ్ల పేరు పక్కన ఒక గీత గీయండి. జవాబు కోసం ఆగారో లేదో కూడా తెలియాలంటే, ఆగకుండా పక్కవాళ్లను అడిగేసినప్పుడు గీత బదులు సున్నా చుట్టండి. శనివారం ఆ కాగితం చూసి, గీతే లేని పేర్లున్న పిల్లలను సోమవారం ముందు బెంచీకి మార్చండి. రెండు నెలల తర్వాత ఏం గమనించారో మాకు రాయండి, ఇదే శీర్షికలో వేస్తాం.