తురాయి మొగ్గలో పది పుంజులు

ప్రశ్న: మా చిన్నతనంలో వేసవి సెలవులు వస్తే తురాయి చెట్టు కింద చేరి, పూల కేసరాలతో కోడిపందేలు ఆడుకునేవాళ్లం. ఇప్పుడు మనవరాలికి ఆ ఆట నేర్పబోతే, పందెం మొదలు కాకముందే వాటి తలలు రాలిపోతున్నాయి. కారణమేమిటి? ఇలాంటి పూల ఆటలు ఇంకేమైనా ఉన్నాయా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు బహుశా బాగా విచ్చిన పూలను, లేదా నేల రాలినవాటిని తీసుకుని ఉంటారు. తురాయి పువ్వులో 10 కేసరాలుంటాయి. ఒక్కొక్కటి పొడవాటి ఎర్రని కాడ. దాని కొసన అడ్డంగా నిలిచిన పుప్పొడి తిత్తినే పిల్లలు పుంజు తల అంటారు. ఆ తిత్తి కాడ మొనకు సన్నని అతుకుతో మాత్రమే నిలిచి ఉంటుంది కనుక, పువ్వు విచ్చి, తిత్తి పగిలి పుప్పొడి రాలాక అది వడలిపోయి, చేయి తగిలితేనే ఊడివస్తుంది. విచ్చబోయే నిండు మొగ్గలో అయితే ఆ అతుకు ఇంకా పచ్చిగా, గట్టిగా ఉంటుంది. అందువల్ల బాగా ఉబ్బి, పగుళ్లలో ఎరుపు తొంగిచూస్తున్న మొగ్గను కోసి, పైనున్న అయిదు రక్షక పత్రాలను గోటితో విడదీసి, లోపలి కేసరాలను ఒక్కొక్కటిగా బయటికి తీయండి. ఇద్దరూ చెరొకటి పట్టుకుని, తలకు తల తగిలించి లాగాలి. ఎవరి పుంజు తల తెగితే వారు ఓడినట్లు. మరీ లేత మొగ్గలో కాడ పొట్టిగా ఉండి పట్టు దొరకదు. ఏ మొగ్గ పందేనికి పనికొస్తుందో కంటితోనే పసిగట్టడం ఈ ఆటలోని అసలు నేర్పు అని నా అభిప్రాయం. విడదీసిన రక్షక పత్రాలను కూడా పారేయనివ్వకండి, వాటిని గోళ్లకు అంటించుకుని పులి ఆట ఆడుకోవచ్చు.

గట్ల వెంట పెరిగే గడ్డి చామంతితో మరో ఆట ఉంది. దాని ఆకుల్లేని పొడవాటి కాడను పువ్వు కింద మెలిక వేసి ఒక్కసారిగా ముందుకు తోస్తే పువ్వు ఎగిరిపడుతుంది. ఎవరిది దూరం పోతే వారే విజేత.

జిల్లేడు మొగ్గలను టప్పుమని చిదిమే ఆటను మాత్రం మాన్పించండి. దాని పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. పొరపాటున పడితే వెంటనే నీళ్లతో బాగా కడిగి, కంటి వైద్యుడికి చూపించాలి. గన్నేరు మొక్క అంతా విషమే కనుక, పూల తేనె పీల్చే అలవాటున్న పిల్లలకు ఆ చెట్టును ముందుగానే చూపించి గుర్తుపట్టడం నేర్పండి.